పేరు మారితే మందు మారుతుందా?

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ జ్వరానికి పారాసిటమాల్ ఉండదట, ఎసిటమినోఫెన్ అని వేరే మందు ఇస్తారట. మనవడికి (15 కిలోలు) ఇక్కడి సిరప్ పట్టుకెళ్లనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వేరే మందు కాదండీ, రెండూ ఒకటే. దాని రసాయన నామం పారా-ఎసిటైల్-అమైనో-ఫినాల్. ఇంత పొడుగు పేరు చీటీ మీద ఎవరు రాస్తారు? అందులోంచి ముక్కలు ఏరి పారాసిటమాల్ అని ఒకరు, ‘పారా’ వదిలేసి ఎసిటమినోఫెన్ అని మరొకరు కుదించారు. టైలెనాల్ అనే బ్రాండు పేరూ ఆ పొడుగు పేరులోంచి వచ్చిందే: ఎసిటైల్‌లో ‘టైల్’, ఫినాల్ చివరి ‘ఎనాల్’. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖాయం చేసిన పేరు పారాసిటమాలే అయినా అమెరికా, కెనడా, జపాన్ తమ పేరు వదల్లేదు. అమెరికా లేబుళ్ల మీద ఒక్కోసారి ‘ఏపీఏపీ’ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. అదీ ఇదే.

ప్రమాదమంతా రెండూ వేర్వేరనుకుని కలిపి వేసుకోవడంలోనే. డోలో 650 ఒకటి, 500 మి.గ్రా. టైలెనాల్ రెండు వేసుకుంటే 1650 మి.గ్రా. అయింది. పెద్దవాళ్లకైనా ఒకసారికి 1000, రోజుకు 4000 మించకూడదు. మద్యం అలవాటో, కాలేయ జబ్బో ఉంటే ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ ఇది కలిసి ఉంటుంది, అట్ట వెనక చదవండి. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. మొదటిరోజు పైకి ఏమీ కనబడకపోవచ్చు కాబట్టి, బాగానే ఉందని ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

సిరప్ మాత్రం అక్కడే కొనండి, చీటీ అక్కర్లేదు. ఇక్కడి సీసాల్లో 5 మి.లీ.కి 120, 125, 250 మి.గ్రా. అని రకరకాలు, అక్కడ సాధారణంగా 160. పసిపిల్లల డ్రాప్స్ అయితే ఇక్కడ 1 మి.లీ.కే 100. మోతాదు కిలోకు 10–15 మి.గ్రా. కాబట్టి మీ మనవడికి ఒకసారికి 150–225. అక్కడి సిరప్ 5 మి.లీ. సరిపోతుంది. అదే 5 మి.లీ. మన డ్రాప్స్ పోస్తే 500 మి.గ్రా.! చెంచా లెక్క మానేసి, మి.గ్రా. చూసి సిరంజితో కొలవండి. మళ్లీ వేయడానికి కనీసం 4 గంటల ఎడం ఉండాలి.

ఇంట్లో ఎవరైనా ఆస్తమాకు సాల్బుటమాల్ పీలుస్తుంటే, దాని అమెరికా పేరు ఆల్బ్యుటెరాల్. అదీ రాసి పెట్టుకోండి.