ముందు పాప ఎవరి దగ్గరో తేల్చుకోండి, కారు సంగతి తర్వాత

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు అడిగినవి రెండు. పురిటి సెలవు అయిపోతోంది, ఉద్యోగం మానేయనా అని ఒకటి. అల్లుడుగారు కారు బుక్ చేద్దామంటున్నారు, సరేననా అని రెండోది. నువ్వు విడివిడిగా అడిగావు గానీ రెండూ ఒకదానికొకటి ముడిపడ్డవే. కారు వాయిదా మొదలైతే ఇక ఉద్యోగం విషయంలో నీకు నచ్చింది చేసే వీలుండదు, వాయిదా కట్టడానికి ఏది తప్పదో అదే చేయాల్సి వస్తుంది. అందుకని ముందు పాప పగలంతా ఎవరి దగ్గర ఉంటుందో తేల్చుకోండి. బండి మాట ఆ తర్వాత.

నువ్వు వాట్సాప్‌లో పంపిన లెక్క చూశాను. నీ జీతంలోంచి క్రెష్ ఫీజు, ఆయా జీతం, రానుపోను ఖర్చు తీసేసి, "మిగిలేది ఇంతే పెద్దమ్మా, దీనికోసం పిల్లని వదలాలా" అని రాశావు. ఆ తీసివేతలన్నీ నీ జీతంలోంచే ఎందుకు చేశావే? పాప ఇద్దరి బిడ్డ. పాపని చూసుకునే ఖర్చు ఇంటి ఖర్చు, అద్దెలాగే, కరెంటు బిల్లులాగే. ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి తీసి చూడు. మిగిలే మొత్తం మారదు, నిజమే. కానీ "నా ఉద్యోగం వల్ల లాభం లేదు" అన్న మాట నీ నోట రాదు. ఆ మాట ఒకసారి మనసులో నాటుకుంటే మానేయడం చాలా తేలికైపోతుంది, నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం అంత తేలిక కాదు.

ఇంకొకటి. నీ లెక్కలో చేతికొచ్చే జీతమే ఉంది. చేతికి రానిది కూడా నీ సంపాదనే. నువ్వు చేరి నాలుగేళ్ళు దాటింది. ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, పురిటి సెలవు కూడా సర్వీసులోకే లెక్క. పీఎఫ్ పింఛనుకి పదేళ్ళ సర్వీసు ఉండాలి. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా నువ్వు మానేసిన రోజుతో పోతుంది. పాప పేరు నీ పాలసీలో ఉందా, అల్లుడుగారి పాలసీలో ఉందా? రేపే చూడండి. నీదాంట్లోనే ఉంటే, ఏ నిర్ణయం తీసుకున్నా సరే, ముందు ఆయన దాంట్లో కూడా చేర్పించండి.

నా పురిళ్ళప్పుడు 90 రోజులే సెలవు. నెలల పిల్లని ఇక్కడే విశాఖలో, కంచరపాలెంలో పక్కింటి మామ్మగారి దగ్గర పెట్టి పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునేదాన్ని. మీకు 2017లో మార్చిన చట్టం 26 వారాలు ఇచ్చింది, మంచిదే. దానితోపాటు ఇచ్చినవి మాత్రం మీలో చాలామంది అడగరు. 50 మందీ, అంతకు పైనా పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసి రావచ్చు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి మామూలు విరామం కాక మరో రెండు విరామాలు ఇవ్వాలి. సెలవు తర్వాత ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు కూడా ఆఫీసూ నువ్వూ మాట్లాడుకుని చేసుకోవచ్చని చట్టంలోనే ఉంది. నీది రుషికొండ కొండమీద ఆఫీసు, ఇల్లు పీఎం పాలెం. గాజువాక నుంచి రావాల్సిన వాళ్ళతో పోలిస్తే నీకిది ఎంత వెసులుబాటో ఆలోచించు. మానేస్తానని చెప్పేముందు ఇవన్నీ అడుగుతూ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. నోటి మాటగా వద్దు, రాతలో అడుగు. కుదరదంటే జీతం లేని సెలవు మూడు నెలలు అడుగు. రాజీనామా అన్నిటికన్నా చివరిది.

మీ అత్తగారు నరసన్నపేట నుంచి వచ్చి ఉంటారని అల్లుడుగారు అన్నారట. ఆవిణ్ణి అడిగి అన్నారా, అడక్కుండా అన్నారా? కన్నబిడ్డల్ని పెంచినావిడే గానీ ఆవిడ మోకాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నాయో, అక్కడ మీ మామగారికి వండిపెట్టేదెవరో కూడా చూడాలి. మీరిద్దరూ కలిసి వెళ్ళి, ఎన్నాళ్ళు, రోజుకి ఎన్ని గంటలు, పైపనికి మనిషిని పెడతామని స్పష్టంగా చెప్పి అడగండి. ఆవిడ సరేనంటే మహాభాగ్యం. సంకోచిస్తే మొహమాటపెట్టొద్దు.

ఇంత చూశాక కూడా ఇంట్లో ఉండాలనే నీ మనసుకి అనిపిస్తే, నిక్షేపంగా ఉండు. అందులో చిన్నతనం ఏమీ లేదు. నీ బదులు అల్లుడుగారు ఉండే వీలుంటే అదీ మాట్లాడుకోండి, మగవాడు ఇంట్లో ఉంటే వింతగా చూసే రోజులు పోవాలి. ఎవరు ఉన్నా ఒక షరతు. ఇంట్లో ఉన్న మనిషి పేరు మీద ప్రతి నెలా, జీతం పడిన రోజునే, కొంత డబ్బు వేరే ఖాతాలోకి వెళ్ళాలి. పీపీఎఫ్ అని పోస్టాఫీసులో తెరిచే పొదుపు ఖాతా ఉంది, ఏడాదికి కనీసం 500 కట్టినా ఖాతా నిలబడుతుంది, గరిష్ఠం లక్షన్నర. కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ చూశాను, తన పేరున పాస్‌బుక్ ఉన్న ఆడమనిషి దాన్ని పట్టుకునే తీరే వేరు. ఎంట్రీ వేయించుకుని, అక్కడే నిలబడి చివరి అంకె రెండుసార్లు చదువుకుని, మడతపెట్టిన రుమాల్లో చుట్టి సంచి అడుగున పెట్టుకునేది. నీ పాత పీఎఫ్‌ని మాత్రం కారు డౌన్ పేమెంటుకని తీయొద్దు. దాంతోపాటు పింఛను వాటా కూడా తీసేస్తే ఆ సర్వీసూ పోతుంది.

ఇక కారు.

కార్‌షెడ్ జంక్షన్‌లో అల్లుడుగారు కంపెనీ బస్సెక్కితే అది మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక మీదుగా పరవాడ చేరుస్తుంది. ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి, ఖర్చు లేకుండా, నిద్రపోతూ వెళ్ళొస్తున్నారు. కారు కొంటే ఆయన దాంట్లోనే వెళ్తారా? వెళ్తే పగలంతా అది పరవాడలో ఎండకి నిలబడి ఉంటుంది, పాపకి జ్వరమొస్తే నువ్వు ఆటో కోసం రోడ్డు మీద నిలబడతావు. వెళ్ళకపోతే కారు ఇంటి కింద ఉంటుంది, నీకు నడపడం రాదు. రెండు విధాలా పాపకి ఉపయోగం లేదు. చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. కారు పిల్లల కోసమని కొంటారు, పొద్దున్నే అది పిల్లలు లేని చోటికి వెళ్ళిపోతుంది. పగలు పాప ఎవరి దగ్గర ఉంటుందో బండి తాళం వాళ్ళ చేతిలో ఉండాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

కాబట్టి కారు కొనకముందే నువ్వు నేర్చుకో. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు, తీసుకో, ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులయ్యాక టెస్టుకి వెళ్ళొచ్చు. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు సాఫీగా ఉన్న రోడ్డు మీద తిప్పి వచ్చేసిందంటారు. ఒప్పుకోవద్దు. మన ఊరు కొండల ఊరు. మీ ఐటీ హిల్ ఎక్కేదగ్గర ఆగి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనకాల బస్సు హారన్ కొడుతున్నా కంగారుపడకుండా, క్లచ్ సగం వదిలి బండి ముక్కు కొద్దిగా లేచినట్టు తెలిసినప్పుడు బ్రేకు దించి, ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా బయల్దేరగలగాలి. అది పదిసార్లు చేయించమను. హనుమంతవాక దగ్గర హైవేలో కలవడం కూడా. అవి వచ్చాకే వచ్చినట్టు.

స్కూటీ ఉందిగా, చాలదా అంటావేమో. నువ్వొక్కదానివీ ఆఫీసుకి వెళ్ళడానికి చాలు. పాపతో వద్దు. మన వీధుల్లో రోజూ చూస్తాం, పిల్లని స్కూటీ ముందు నిలబెడతారు, అది అద్దాల కాడలు పట్టుకుని నిలబడుతుంది. కూరగాయల బండి దగ్గర ఇంజన్ ఆపకుండా ఒక కాలు కింద ఆన్చి వంకాయలు ఏరుతుంటారు. పిల్ల చెయ్యి యాక్సిలరేటర్ మీద పడిందంటే గేర్లు లేని బండి ఒక్క ఉదుటున దూకుతుంది. చిన్నపిల్ల నిద్రకి తూగితే మొహం సరిగ్గా హ్యాండిల్‌కే తగులుతుంది. 9 నెలల నుంచి 4 ఏళ్ళ పిల్లలకి హెల్మెట్టూ, నడిపేవాళ్ళకి కలిపి కట్టే బెల్టూ ఉండాలనీ, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన. వెనక కూర్చోవాల్సింది కూడా ఒక్కరే. పోర్టు లారీలు తిరిగే హైవే మీద ముగ్గురూ ఒకే బండి మీద వెళ్ళడం నేను బతికుండగా నా కంట పడకూడదు.

కారులోనైనా పాప నీ ఒళ్ళో ముందు సీట్లో వద్దు. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ ఆపలేవు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది నేరుగా బిడ్డకే తగులుతుంది. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు. 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే 1,000 జరిమానా. కారు బడ్జెట్‌లో సీటు కవర్లకీ మ్యూజిక్ సిస్టమ్‌కీ ముందు దీన్ని రాయండి.

డబ్బు సంగతి. 8 లక్షలు 9 శాతం వడ్డీకి తీసుకుంటే ఐదేళ్ళకి నెలకి సుమారు 16,600. షోరూమ్‌లో కుర్రాడు ఏడేళ్ళు చేస్తే 12,900 లోపే అంటాడు, తేలిగ్గా కనిపిస్తుంది. అలా సాగదీసినందుకు వడ్డీ ఇంకో 85 వేల దాకా పడుతుంది, పాప రెండో క్లాసులోకి వచ్చేదాకా కడుతూనే ఉంటారు. ఆ ఏడేళ్ళలో మీలో ఎవరో ఒకరు కొన్నాళ్ళు ఇంట్లో ఉండాల్సి రావచ్చు, రెండో బిడ్డా రావచ్చు. అందుకని ఒక్క జీతంతో, ఎవరిది తక్కువైతే వాళ్ళదాంతో, ఇల్లు గడిచి కట్టగలిగినంత వాయిదాయే పెట్టుకోండి. అదెంతో కాగితం మీద తెలియదు. వాయిదా, పెట్రోలు, ఇన్సూరెన్సు కలిపి ఎంత అవుతుందో అంతా ఆరు నెలలు పక్కన వేస్తూ రండి. ఇబ్బంది లేకుండా గడిస్తే ఆ డబ్బే డౌన్ పేమెంటు. మూడో నెలకే క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తే కారు ఇంకా మీది కాదు.

చేయి తిరిగేదాకా పాత కారైనా నాకు అభ్యంతరం లేదు. ఏపీ 31 నంబరు బళ్ళు, మన జిల్లా పాత నంబరువి, చవగ్గా దొరుకుతాయి గానీ ఆర్‌సీ 15 ఏళ్ళకి ఎంత దగ్గరలో ఉందో చూడండి. బీచ్ వైపు, లాసన్స్ బే, పెదవాల్తేరుల్లో ఆరుబయట ఉన్న బండైతే మెకానిక్‌తో కింద దూరి చూపించాలి. పైన పెయింటు మెరుస్తుంటుంది, ఉప్పుగాలి అడుగున రేకు తినేసి ఉంటుంది. అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం, పెండింగ్ చలాన్లు చూసుకుని, 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు మీ పేరుకి మార్పించుకోండి.

అంతవరకూ గడవదా అంటే ఎందుకు గడవదు? పాప టీకాల తేదీలు కార్డు మీద ముందే రాసి ఉంటాయి, ఆ రోజుకి క్యాబ్ మాట్లాడుకో. నీ ఒంటరి ప్రయాణాలకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మన ఆడవాళ్ళకి టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ చేతిలో ఉంచుకుంటే చాలు. అర్ధరాత్రి అవసరానికి నమ్మకమైన ఆటో అబ్బాయి నంబరు ఒకటి, కింద ఫ్లాటు వాళ్ళది ఒకటి ఫ్రిజ్ మీద రాసి పెట్టు.

హెచ్‌ఆర్‌కి పంపే మెయిల్ రాశాక నాకు ఒకసారి చూపించు. ఈ ఉత్తరం అల్లుడుగారికీ చదివి వినిపించు, ఆయనకి నచ్చనిది ఏదైనా ఉంటే నాకు ఫోన్ చేయమను, మొహమాటం వద్దను. నువ్వు తిరిగి ఆఫీసులో చేరితే మొదటి పదిహేను రోజులు నేను మీ ఇంట్లోనే ఉంటాను. పాపకి క్రెష్ అలవాటయ్యేదాకా మధ్యాహ్నం నేనే వెళ్ళి తెచ్చుకుంటాను.

ఉంటానమ్మా.

మీ పెద్దమ్మ,
అక్కయ్యపాలెం