చుక్క ఒకటే, లెక్క రెండు

ఈసారి మా ముందున్న ఉత్తరాలు గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు పాఠకులవి. అన్నీ జంట నక్షత్రాల గురించే. రాసినవాళ్లలో చాలామందికి టెలిస్కోపు లేదు. అందుకే కంటితో ఏం చేయవచ్చో దానికే ఎక్కువ చోటిచ్చాం.

మా అమ్మాయి పెళ్లి మాఘంలో, రాత్రి ఏడున్నర ముహూర్తానికి జరిగింది. పురోహితుడు గారు ఉత్తరం వైపు చూపించి అరుంధతి అన్నారు. మాలో ఒక్కరికీ కనబడలేదు. అసలు అరుంధతీ వసిష్ఠులు నిజంగా జంటేనా, లేక చూపుకే దగ్గరా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

మీ కళ్లలో లోపమేమీ లేదమ్మా. ఆ వేళకు అరుంధతి అక్కడ లేదు. ఫిబ్రవరి నడుమ మీ ఊళ్లో సప్తర్షి మండలంలోని ఈ భాగం ఉదయించేదే సుమారు రాత్రి ఏడున్నరకు, అదీ ఈశాన్యంలో ఉత్తరానికి దగ్గరగా. కొండల అంచు దాటి, నేల మీది మసక దాటి కంటికి ఆనేసరికి తొమ్మిది అవుతుంది. కార్తీకంలో అయితే తెల్లవారుజామున మూడు దాకా ఆగాలి. శ్రావణంలో చీకటి పడగానే వాయవ్యంలో ఉంటుంది, మబ్బు వదిలితే. నిజంగా చూపించి చూడగలిగేది వైశాఖ, జ్యేష్ఠాల్లోనే. మే నెలలో రాత్రి తొమ్మిది, పది మధ్య ఉత్తరానికి తిరిగి నిలబడితే 54 డిగ్రీల ఎత్తున, అంటే నేలకీ నడినెత్తికీ మధ్య సగానికి కాస్త పైన దొరుకుతుంది.

సప్తర్షుల తోకలో చివరిది మరీచి, దాని పక్కది వసిష్ఠుడు. ముందు ఆ పెద్ద చుక్క మీద చూపు నిలపండి. ఆ వేళకు దానికి కుడివైపున, ఓ పిసరు కిందగా ఉన్న చిన్న చుక్క అరుంధతి. పెద్దదాన్ని పట్టుకుని చిన్నదాన్ని చూపే ఈ పద్ధతికే మన శాస్త్రాల్లో స్థూలారుంధతీ న్యాయమని పేరు. చూసేవాళ్లకు ఇంతకంటే మంచి సలహా లేదు. రెంటి మధ్య ఎడం డిగ్రీలో అయిదో వంతు, అంటే 12 నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం, నిమిషంలో 60వ వంతు ఒక సెకండు). మామూలు కన్ను ఒక నిమిషం ఎడాన్ని విడదీయగలదు కాబట్టి విడదీయడం కష్టం కాదు. కష్టం కాంతితో. అరుంధతి ప్రకాశంలో నాలుగో తరగతి చుక్క, అంటే మసకది. పెళ్లిపందిరి దీపాల కింద నుంచి చూస్తే మాయమైపోతుంది. దీపాలకు వీపు పెట్టి, పదిహేను నిమిషాలు చీకటికి కళ్లు అలవాటు చేసుకుని, అద్దాలున్నవాళ్లు పెట్టుకుని చూడాలి.

ఇక జంటేనా అన్నది. రెండూ మనకు 80 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉన్నాయి, ఒకే దిక్కుకు ఒకే వేగంతో సాగిపోతున్నాయి. కాబట్టి వట్టి చూపు దగ్గరతనం కాదు. అయితే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట అంటే దానికంటే వసిష్ఠుడి ఒంట్లోనే గట్టి ఉదాహరణ ఉంది. 1617లో ఇటలీలో కాస్టెల్లి టెలిస్కోపుతో చూసి వసిష్ఠుడు రెండు చుక్కలని గమనించాడు. వాటి ఎడం 14 సెకండ్లు. 1889లో హార్వర్డ్‌లో పికరింగ్, ఆంటోనియా మోరీ ఆ రెంటిలో పెద్దదాని వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) ఫొటోలు చూస్తుంటే కొన్ని రాత్రులు ఒక్కో నల్లగీత రెండుగా చీలి కనిపించింది, కొన్ని రాత్రులు మళ్లీ ఒక్కటైంది. రాయగడ స్టేషన్‌లో ఆగకుండా పోయే గూడ్సు కూత, బండి దగ్గరికి వచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, వెలుగుదీ అదే తంతు. దగ్గరికి వచ్చే నక్షత్రం గీత నీలం వైపు జరుగుతుంది, దూరమయ్యేదాని గీత ఎరుపు వైపు. గీత చీలిందంటే అక్కడ ఎదురెదురు దిక్కుల్లో కదిలే రెండు నక్షత్రాలు ఉన్నట్టే. అవి ఇరవైన్నర రోజులకో చుట్టు తిరుగుతున్నాయి. చిన్న చుక్కా ఇలాగే జంట, దాని చుట్టు 175 రోజులు. అరుంధతికి కూడా ఒక మసక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం తోడున్నట్టు 2009లో తేలింది. మొత్తం ఆరు. కంటికి ఆనేవి రెండు.

మిథున రాశిలో పునర్వసు రెండు చుక్కలు దాదాపు ఒకే వెలుగుతో పక్కపక్కన ఉంటాయి. అవీ జంటేనా?
— ఒక విద్యార్థి, ఛత్రపురం

కావు. ఒకటి (పోలక్స్) 34 కాంతి సంవత్సరాల దూరంలో, రెండోది (కాస్టర్) 51 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. రెంటికీ ఏ బంధమూ లేదు. కానీ కాస్టర్ మాత్రం తనంతట తానే ఆరు నక్షత్రాల గుంపు. అందులోని రెండు ముఖ్యమైన చుక్కలు ఒకదాన్నొకటి చుట్టి వస్తున్నాయని 1803లో విలియం హెర్షెల్ కొలతలతో చూపాడు. పక్కపక్కన కనబడడం వేరు, కట్టుబడి తిరగడం వేరు అని ఖాయంగా తేలింది అప్పుడే.

మా హైస్కూలు పిల్లలతో ఏ పరికరమూ లేకుండా ఒక జంట నక్షత్రాన్ని నిజంగా పరిశీలించి లెక్క కట్టించాలని ఉంది. ఏది ఎంచుకోవాలి? ఎలా చేయాలి?
— ఒక సైన్సు మాస్టారు, రాయగడ

పెర్సియస్ మండలంలోని ఆల్గాల్ తీసుకోండి, మాస్టారూ. కంటితో పని చేసేవాళ్లకు ఆకాశంలో దీన్ని మించిన పాఠం లేదు. రెండు నక్షత్రాలు మనకు దాదాపు అంచు మాత్రమే కనబడేలా ఉన్న కక్ష్యలో తిరుగుతాయి. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసక నక్షత్రం వెలుగు నక్షత్రానికి అడ్డం వస్తుంది. మామూలప్పుడు 2.1 ఉండే ప్రకాశ తరగతి 3.4కి పడిపోతుంది. తరగతి అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఒక తరగతికి 2.512 రెట్లనే నిష్పత్తి 1856లో నార్మన్ పాగ్సన్ పెట్టింది. ఆయనే 1861 నుంచి మద్రాసు నక్షత్రశాలను నడిపాడు. ఆ లెక్కన ఆల్గాల్ వెలుగు మూడో వంతుకు తగ్గుతుంది. దిగడానికి సుమారు అయిదు గంటలు, ఎక్కడానికి అయిదు గంటలు. ఈ కాలాన్ని 1783లో ఇంగ్లండులో లెక్కగట్టిన జాన్ గుడ్‌రిక్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. చెవులు వినబడని కుర్రవాడు, కంటితోనే చేశాడు. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

వెతకడం: డిసెంబరు ఆఖరులో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరానికి తిరిగి తల బాగా ఎత్తండి. కృత్తికల నుంచి ‘డబ్ల్యూ’ ఆకారపు శర్మిష్ఠ వైపు చూపు నడిపిస్తే సగం దారికి కాస్త ముందే తగులుతుంది. చేయి చాపి బిగించిన పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు. ఆల్గాల్‌కు ఒక పిడికిలి కింద మిర్ఫాక్ (1.8), పిడికిలిన్నర లోపు ఎడమన ఆల్మాక్ (2.1), ఒక పిడికిలి కుడిన ఎప్సిలాన్ పెర్సీ (2.9). బ్రాకెట్లలోవి వాటి ప్రకాశ తరగతులు. ఇవే మీ తూకపు రాళ్లు. ఆల్గాల్‌కు రెండు వేళ్ల ఎడంలో పైన ఇంకో చుక్క ఉంది, రో పెర్సీ. దాంతో పోల్చనివ్వకండి, దాని వెలుగే మారుతూ ఉంటుంది. పిల్లల పట్టికలు అడ్డదిడ్డంగా రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

అంచనా కట్టడం: ఆల్మాక్‌కీ ఎప్సిలాన్‌కీ సరిగ్గా నడిమధ్య వెలుగుతో ఉంటే 2.5 అని రాయాలి. ఆల్మాక్‌కు దగ్గరగా, నాలుగో వంతు తగ్గి ఉంటే 2.3. ఎప్సిలాన్ కంటే మసగ్గా ఉంటే అడుగుకు చేరినట్టే. ముందు గడియారం చూసి టైము రాయాలి, తర్వాతే వెలుగు. అరగంటకోసారి చాలు, అడుగు దగ్గర పడ్డాక పావుగంటకోసారి. ప్రతి పిల్లా పిల్లవాడూ వేరే కాగితం మీద రాయాలి, పక్కవాడిది చూడకూడదు, తన పాత అంకె కూడా మడిచి దాచాలి. “తగ్గుతోంది” అని తెలిస్తే కన్ను తగ్గిస్తూనే పోతుంది. ఫోను తెర వెలుగు ఒక్కసారి మొహాన పడితే మళ్లీ పది నిమిషాలు వృథా. టార్చికి ఎర్ర కాగితం కట్టండి. చుక్కలు 30 డిగ్రీల కిందికి దిగాక ఆపేయాలి, అక్కడ గాలి పొర తినే వెలుగు ఒక్కో చుక్కకు ఒక్కోలా ఉంటుంది.

మసక ఎప్పుడొస్తుందో ముందే తెలియకపోయినా పర్వాలేదు. ప్రతి మసకా మూడు రోజుల తర్వాత, ముందుదానికంటే 3 గంటల 11 నిమిషాలు ముందుగా వస్తుంది. ఒకటి అర్ధరాత్రి పడితే తర్వాతది రాత్రి 8.49కి, ఆ తర్వాతది సాయంత్రం 5.38కి. ఆపైన కొన్నాళ్లు పగలు పడి పోతాయి. ఏడు చుట్లకు 20 రోజుల 1 గంట 43 నిమిషాలు. అంటే వరసగా ఇరవై రాత్రులు ఎనిమిదికీ పదకొండుకీ ఒక్కో చూపు చూస్తే, ఆకాశం తేటగా ఉంటే ఒక మసకైనా దొరక్క తప్పదు. పౌర్ణమికి అటూ ఇటూ నాలుగు రోజులు వదిలేయండి. సంక్రాంతి సెలవుల దాకా ఆగకుండా డిసెంబరులోనే మొదలుపెట్టడం మంచిది. రెండు మసకలు దొరికితే మధ్య కాలాన్ని, ఎన్ని చుట్లో ఆ సంఖ్యతో భాగించండి. రెంటి మధ్యా 20 రోజులుంటే, ఒక్కో మసక టైములో అరగంట తప్పు పోయినా, చుట్టు కాలంలో వచ్చే తప్పు పది నిమిషాల లోపే. చుట్లు ఎక్కువయ్యేకొద్దీ తప్పు అన్ని భాగాలుగా పంచుకుపోతుంది. పిల్లలకు అసలు నేర్పాల్సింది ఈ కిటుకే.

జంట నక్షత్రాలను తూచవచ్చంటారు. కోట్ల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాటిని ఎలా తూచుతారు? ఒక ఉదాహరణ లెక్కతో చూపగలరా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, బరంపురం

మీకు గోపాలపూర్ సముద్రం దగ్గరే ఉంది కాబట్టి అక్కడి నుంచి కనబడేదే తీసుకుందాం: ఆల్ఫా సెంటారి. మే ఆఖరులో రాత్రి పదిం‌పావు ప్రాంతాల సరిగ్గా దక్షిణాన, నీళ్ల మీద 10 డిగ్రీలు, అంటే ఒక్క పిడికిలి ఎత్తున ఉంటుంది. దాని కుడిపక్కన అర పిడికిలి ఎడంలో ఇంకో వెలుగు చుక్క, బీటా సెంటారి. రెండూ కనబడితే ఎడమది మనది. అంత కిందుగా ఉన్నందువల్ల అసలు వెలుగులో సగమైనా కంటికి చేరదు. అయినా స్పష్టంగానే కనిపిస్తుంది. కంటికి ఒక్కటే చుక్క. అది రెండని 1689 డిసెంబరులో ఒక తోకచుక్కను చూస్తూ గమనించినవాడు జెసూట్ మతగురువు జాన్ రిషో, చూసిన చోటు మన తూర్పు తీరంలోని పుదుచ్చేరి.

ఈ రెండూ 79.9 సంవత్సరాలకో చుట్టు తిరుగుతాయి. కోడిగుడ్డులా సాగిన దారి కాబట్టి మధ్య దూరం మారుతుంది: సూర్యుడికీ భూమికీ ఉన్న దూరాన్ని ఒకటి అనుకుంటే, దగ్గరైనప్పుడు 11.2, దూరమైనప్పుడు 35.6. సగటు 23.4. ఇప్పుడు కెప్లర్ సూత్రం: దూరం ఘనాన్ని కాలం (సంవత్సరాల్లో) వర్గంతో భాగిస్తే రెంటి మొత్తం ద్రవ్యరాశి సూర్యుడి లెక్కలో వస్తుంది. 23.4 ఘనం 12,813. 79.9 వర్గం 6,384. భాగిస్తే 2.0. రెండూ కలిసి రెండు సూర్యుళ్ల బరువు.

ఎవరిది ఎంత? కావడి మోసేవాడిని చూడండి. బరువైన బుట్ట వైపు బద్దను భుజానికి దగ్గరగా జరుపుకుంటాడు. నక్షత్రాలు రెండూ తిరిగేది అలాంటి భుజం చుట్టే. వెనకనున్న దూరపు చుక్కలతో పోల్చి ఏది ఎంత పెద్ద దారిలో తిరుగుతోందో ఏళ్ల తరబడి కొలిస్తే, ఒకటి 10.7, రెండోది 12.7 అని తేలుతుంది. చిన్న దారిది బరువైనది: 1.08 సూర్యుళ్లు. రెండోది 0.91.

ఆల్గాల్‌కూ ఇదే సూత్రం పని చేస్తుంది. మధ్య దూరం 0.062, అంటే 93 లక్షల కిలోమీటర్లు. మన బుధుడు సూర్యుడికి ఉన్న దూరంలో ఆరో వంతు కూడా లేదు. లెక్క కట్టి చూడండి, మొత్తం 3.9 సూర్యుళ్ల దాకా వస్తుంది: ఒకటి 3.2, ఒకటి 0.7. ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. బరువైన నక్షత్రం ఇంధనాన్ని త్వరగా కాల్చి ముందు ముసలిదవ్వాలి. ఆల్గాల్‌లో ఉబ్బి ముసలిదైంది మాత్రం తేలికైనది. అది మొదట్లో బరువైనదే. ఉబ్బినప్పుడు పై పొరల వాయువు జారి పక్కదాని మీద పడింది, బరువులు తారుమారయ్యాయి. జంటలో పుట్టిన నక్షత్రం బతుకు ఒంటరి నక్షత్రం బతుకులా ఉండదని మొదట గట్టిగా చెప్పింది ఈ తూకమే.

మా దగ్గర 10×50 బైనాక్యులర్ ఉంది. దాంతో వసిష్ఠుడు రెండుగా కనిపిస్తాడా? ఎంత ప్రయత్నించినా ఒక్కటే కనబడుతోంది.
— ఒక పాఠకుడు, గుణుపురం

కనిపించవచ్చు గానీ చేత్తో పట్టుకుంటే కాదు. 14 సెకండ్ల ఎడం పదింతలైతే 140 సెకండ్లు, కన్ను విడదీసే హద్దుకు రెట్టింపు పైన. ఆ కొంచెం వెసులుబాటునూ చేతి వణుకు మింగేస్తుంది. డాబా పిట్టగోడ మీద సగం నింపిన బియ్యం సంచి పెట్టి, అందులో బైనాక్యులర్‌ను కుదేసి చూడండి. ముందు కుడి కన్ను మూసి నడిమి చక్రంతో ఎడమది, తర్వాత ఎడమ మూసి కుడి కంటి దగ్గరి చక్రంతో కుడిది విడివిడిగా ఫోకసు చేయాలి. చుక్క సూదిమొనలా చిక్కే దాకా తిప్పాలి, చిన్న బొట్టులా ఉందంటే ఇంకా కుదరలేదు. అద్దాలకు మంచు తేమ పట్టిందేమో చూసుకోండి. దాన్ని గుడ్డతో రుద్దితే అద్దం పై పూత పాడవుతుంది, లోపలికి తీసుకెళ్లి ఆరనివ్వాలి. ఇంత చేసినా ఒక్కటే అయితే 60 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపుతో 30 రెట్లకు చూడండి, ఇట్టే విడిపోతుంది. మే నెలలో ఉత్తరానికి తిరిగి బైనాక్యులర్‌తో చూసేటప్పుడు రెండో చుక్క కోసం అరుంధతి వైపు వెతకవద్దు. అది వసిష్ఠుడికి ఆనుకుని పైన, కాస్త కుడిగా ఉంటుంది.