మొండితల్లి అంటున్నారు, నేను తప్పు చేస్తున్నానా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. నా భర్త చెన్నైలో తాపీ పని చేస్తారు. నేను కుట్టుపని చేస్తూ ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తున్నాను. పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. మా ఆడపడుచు ఒక సంబంధం తెచ్చింది. నేను వద్దన్నాను, నెల్లూరులో నర్సింగ్ చదివిస్తానన్నాను. అప్పటినుంచి చుట్టాలలో నాకు మొండితల్లి అని పేరు పడింది. స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ పేతురు పత్రిక తీసి, విశ్వాసురాలికి సాధువైన, మృదువైన గుణం ఉండాలని నా వైపు చూస్తూ చదివారు. సారా మీద పోరాడిన దూబగుంట రోశమ్మ గారి గురించి మా అమ్మ చెప్పిన మాటలే నాకు ధైర్యం అంటే, ఊరి గొడవలు విశ్వాసులకు ఎందుకన్నారు. క్రైస్తవ తల్లిగా నేను ఇలాంటి ఆడవాళ్లను చూసి స్ఫూర్తి పొందడం తప్పా?
– ఒక తల్లి, కందుకూరు మండలం

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ పేతురు పత్రికనే మళ్లీ తీయండి. మొదటి పత్రిక మూడో అధ్యాయం నాలుగో వచనంలో మృదువైన గుణం మాట ఉంది, నిజమే. అక్కడే ఆగకుండా ఆరో వచనం దాకా చదవండి. యోగ్యంగా నడుచుకుంటూ, ఏ భయానికీ బెదరకుండా ఉంటేనే మీరు అబ్రాహాము భార్య శారాకు పిల్లలవుతారని ఉంది. నాలుగో వచనం చదివి ఆరోది వదిలేస్తే మన ఆడపిల్లలకు సగం వాక్యమే అందుతుంది. ఈ సగం బోధ నేను చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉండగలవని నాకు మా అమ్మను చూశాక తెలిసింది. ఒంగోలులో ఆమె పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లేది. సాయంత్రం తూకంలో తేడా వస్తే మళ్లీ తూచే వరకు మేస్త్రి ఎదుటినుంచి కదిలేది కాదు. గొంతు పెంచేది కాదు, తిట్టేది కాదు, అలా నిలబడి ఉండేది. ఆదివారం మందిరంలో అదే మనిషి మోకాళ్ల మీద ఉండి, మేస్త్రి పిల్లల పేర్లు కూడా చెప్పి ప్రార్థన చేసేది.

మీ కూడికలో సంఖ్యాకాండము 27వ అధ్యాయం ఎప్పుడైనా చదివారా? సెలోపెహాదు అనే ఆయన కొడుకులు లేకుండా అరణ్యంలో చనిపోయాడు. ఆయనకు ఐదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. భూమి మగవాళ్ల పేరనే పంచబోతున్నారు. ఆ ఐదుగురూ ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వెళ్లి, మోషే ఎదుట, యాజకుని ఎదుట, పెద్దల ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడ్డారు. కొడుకు లేడని మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలి, మాకూ స్వాస్థ్యం ఇవ్వండి అని అడిగారు. మోషే వాళ్లను కసిరి పంపలేదు, ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. ఆ కుమార్తెలు చెప్పినది యుక్తమే అని దేవుడు జవాబిచ్చాడు. వాళ్లకు భూమి దక్కడమే కాదు, కొడుకులు లేని ప్రతి ఇంటికీ అదే కట్టడ అయింది. న్యాయమైనది గట్టిగా అడగడం అవిశ్వాసం కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు.

ఇక రోశమ్మ గారి సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆమె, ఆ ఊరి ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వెళ్లారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది, సారా దుకాణాన్ని ఎదిరించిన ఊరి ఆడవాళ్ల కథ. అది చదివి, మనమూ చేయవచ్చు కదా అనుకుని సారాను ఊళ్లోకి రానివ్వలేదు. జిల్లా అంతా అందుకుంది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారు, అది వేరే దుఃఖం. తాగుడు వల్ల పిల్లల అన్నం పోతున్న ఇళ్లు మన సంఘాలలో లేవా? ఊరి గొడవ అని దానికి దూరంగా ఎలా ఉంటాం? మీ అమ్మగారు చెప్పిన మాటలు మీ కూతుళ్లకూ చెప్పండి.

ఒంగోలు ప్రార్థన కొండ మీకు తెలిసే ఉంటుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ ఎక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించినవాళ్లు ఐదుగురే. జ్యూవెట్ అనే మిషనరీ దొర, ఆయన భార్య, నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, అందులో ఇద్దరు మన తెలుగు ఆడవాళ్లు. సభలలో జ్యూవెట్ పేరు వినబడినంతగా జూలియా, రూతుల పేర్లు వినబడవు. మీరు మీ పిల్లలకు చెప్పండి.

నర్సింగ్ అన్నారు కాబట్టి ఇంకొకరు. మన జిల్లాల వాళ్లు పెద్ద జబ్బు వస్తే రైలెక్కి వెళ్లే వేలూరు ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్. మిషనరీ డాక్టరు కూతురే అయినా ఆమెకు ఇక్కడ ఉండాలనే ఉద్దేశం లేదు. ఒక రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను అడిగారు. మగ డాక్టరు చూడకూడదన్నారు, ఆమెకు వైద్యం రాదు. ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారు. అమెరికా వెళ్లి డాక్టరై 1900లో తిరిగి వచ్చింది. 1909లో నర్సింగ్ స్కూలు, 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల పెట్టింది.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ ఉత్తరంలో ఆడపడుచు మాట ఉంది, పెద్దావిడ మాట ఉంది, మీ మాట ఉంది. మీ అమ్మాయి ఏమంటుందో ఎక్కడా లేదు. నర్సింగ్ తనకు ఇష్టమేనా? రాత్రి డ్యూటీలు, రక్తం, రోగుల కసుర్లు భరించే మనసు ఉందా? సెలోపెహాదు కూతుళ్లు తమ మాట తామే చెప్పుకున్నారు. మీ అమ్మాయిని కూడా చెప్పనివ్వండి. తను ఫార్మసీ అన్నా, డిగ్రీ అన్నా వినండి.

అమ్మాయికి 18 నిండకపోతే ఆ పెళ్లి చట్టప్రకారం నేరమని ఆడపడుచు గారికి నెమ్మదిగా చెప్పండి. నర్సింగే అనుకుంటే, కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఎవరికీ అడ్వాన్సు కట్టకండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఫీజు, హాస్టలు, స్కాలర్‌షిప్ లెక్క కాగితం మీద వేసి, మీ ఆయన ఈసారి చెన్నై నుంచి వచ్చినప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.