ఎండలో జరిగే పెళ్లికి సూట్: కోటు మానకండి, గుడ్డ మార్చండి

స్నేహితుడి పెళ్లి సముద్రం ఒడ్డున, సాయంత్రం నాలుగింటికి. ఆహ్వానంలో ‘ఫార్మల్’ అని ఉంది. మీకేమో చెమట ఎక్కువ. కోటు మానేసి ఉత్త చొక్కా, ప్యాంటుతో వెళ్తే బాగోదా అని అడిగారు. నన్నడిగితే కోటు వేసుకునే వెళ్లండి. పెళ్లివాళ్లు ఆ మాట ఎంతో ఆలోచించుకుని రాసి ఉంటారు, మనం దాన్ని పట్టించుకుంటే వాళ్లకు చాలా సంతోషంగా ఉంటుంది. నాకూ చెమట ఎక్కువే. ఇలాంటి పెళ్లిళ్లకు కొన్నేళ్లుగా సూట్‌లోనే వెళ్తున్నాను.

ఉక్కపోతకు కోటు కన్నా దాని లోపలి లైనింగే ఎక్కువ కారణం. చాలా రెడీమేడ్ కోట్లకు పాలియెస్టర్ లైనింగ్ వేస్తారు. మామూలు వాతావరణంలో పాలియెస్టర్ తన బరువులో 0.4 శాతం తేమనే పీల్చుకుంటుంది. కాటన్ సుమారు 8, లినెన్ 12, ఉన్ని 16 శాతం దాకా పీల్చుకుంటాయి. అందుకే పాలియెస్టర్ లైనింగ్ ఉంటే చెమట ఎటూ పోక వీపు మీదే నిలిచిపోతుంది. కొనేటప్పుడు కోటు విప్పి లోపల చూడండి. భుజాలకు, చేతులకు మాత్రమే లైనింగ్ ఉండి, వీపు భాగం ఖాళీగా ఉన్నది తీసుకోండి. చేతులకు మాత్రం లైనింగ్ కావాలి, లేకపోతే చొక్కా పట్టేస్తుంది. ఆ లైనింగ్ విస్కోస్ గానీ క్యుప్రో గానీ (రెండూ పాలియెస్టర్ కన్నా తేమ బాగా పీల్చే నున్నటి గుడ్డలు) అయితే మంచిది.

ఇక గుడ్డ. ఉన్ని అనగానే భయపడకండి, వేడికి నేను మొదట వెతికేది దాన్నే. ట్రాపికల్ వుల్ అని అడగండి. పురి ఎక్కువ ఉన్న సన్నని దారంతో వదులుగా నేసిన గుడ్డ అది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నేత సందుల్లోంచి వెలుగు కనిపించాలి, నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి రావాలి. బరువు సాధారణంగా మీటరుకు 220 నుంచి 280 గ్రాముల మధ్య ఉంటుంది. అయితే బరువు ఒక్కటే చూడకండి. చాలా తేలికగా ఉన్నా దట్టంగా నేసిన గుడ్డ ఒంటికి అతుక్కుపోతుంది. దానికన్నా కాస్త బరువున్న వదులు నేత ఒంటికి ఎడంగా వేలాడి చల్లగా ఉంటుంది.

లినెన్ కూడా చల్లగానే ఉంటుంది, కానీ ఒకసారి కూర్చుని లేస్తే మోకాళ్ల వెనక, నడుం దగ్గర ముడతలే. పగటి పెళ్లికి అవి అందంగానే ఉంటాయి. సాయంత్రం ఫార్మల్ అన్నప్పుడు నాకు మనసొప్పదు. లినెనే కావాలంటే మరీ పల్చనిది వద్దు, బరువైన దానికి ముడతలు తక్కువ, లేదా ఉన్నితో కలిపి నేసింది తీసుకోండి. మామూలు కాటన్ సూట్ గుడ్డ నేను వద్దంటాను. చెమట పీల్చుకున్నాక తొందరగా ఆరదు.

సాయంత్రానికి ముదురు నీలం రంగు బాగుంటుంది. చొక్కా తెల్లదే వేసుకోండి, లేత నీలం మీద చెమట మరకలు దూరానికి కూడా కనిపిస్తాయి. లోపల వేసుకునే బనియన్‌కు పొట్టి చేతులు ఉండాలి, చేతుల్లేనిది వేసుకుంటే చంకల్లో చెమట నేరుగా చొక్కాకే పడుతుంది. టై కట్టుకోండి. దానికి ముందు కాలర్ గుండీ పెట్టి చూడండి, లోపల రెండు వేళ్లు పట్టాలి. చాలామంది ఊపిరాడట్లేదని టైని తిట్టుకుంటారు గానీ, అసలు బిగుతు కాలర్‌ది. వెయిస్ట్‌కోట్ అక్కర్లేదు. ఇసుకలో నడవాల్సి ఉంటే లోఫర్లు (లేసులు లేని బూట్లు), పల్చటి సాక్సులు చాలు.

ఆహ్వానంలో ‘బ్లాక్ టై’ అని ఉంటే సంగతి వేరు, అది డిన్నర్ జాకెట్, బో టై వేసుకోవాల్సిన మరింత లాంఛనమైన పద్ధతి. వేడి ప్రదేశాల్లో దానికి ఐవరీ రంగు డిన్నర్ జాకెట్ వేసుకునే పద్ధతి 1930ల నుంచీ ఉంది. ప్యాంటు, బో టై మాత్రం నల్లవే. జాకెట్ ల్యాపెల్‌కు (ఛాతీ మీద మడిచిన అంచుకు) పట్టు ఉండదు, అదే గుడ్డతో కుడతారు.

పెళ్లికి ముందురోజు బస చేసే గదికి చేరగానే సూట్ బయటికి తీసి, వేడినీళ్ల ఆవిరి పట్టిన బాత్రూంలో తగిలించండి. ఉన్ని అయితే తెల్లారేసరికి ముడతలు చాలావరకు పోతాయి. లినెన్‌కు ఇస్త్రీ తప్పదు. పెళ్లిరోజు స్నానం చేయగానే బట్టలు వేసుకోవద్దు. ఒళ్లు పూర్తిగా చల్లారాక చొక్కా తొడుక్కుని, కోటు చేత్తో పట్టుకెళ్లి అక్కడికి చేరాక వేసుకోండి. నేను వదలకుండా పాటించేది ఇదే.

కొత్త సూట్ కొనే ఉద్దేశం లేకపోతే, ఉన్న దాన్నే మంచి టైలర్ దగ్గరికి తీసుకెళ్లండి. వీపు లైనింగ్ తీసేసి, లోపలి కుట్ల అంచులకు పట్టీ వేసి ఇమ్మనండి. అంచులు బయటపడతాయి కాబట్టి నీటుగా చేయడానికి సమయం పడుతుంది, పెళ్లికి కనీసం రెండు మూడు వారాల ముందే ఇవ్వండి.