కూపన్ డబ్బు ఎవరిస్తారో ముందు చూడు

చి. సౌ. స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం పేపర్లోని కూపన్లు కత్తిరించి పట్టుకెళ్తే కౌంటర్‌లో సగం వెనక్కి ఇచ్చేశారని, నలుగురిలో చిన్నతనంగా అనిపించిందని రాశావు. అందులో చిన్నతనం ఏమీ లేదమ్మా. ఆ కౌంటర్ అమ్మాయి తప్పూ లేదు. అమెరికాలో కూపన్ రూల్సు మొదట్లో తికమకగానే ఉంటాయి. ఆ తగ్గింపు డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో తెలిస్తే మాత్రం ఒక్కో రూలూ ఎందుకు పెట్టారో నీకే అర్థమవుతుంది.

కూపన్ మీద ‘మాన్యుఫాక్చరర్ కూపన్’ అని ఉంటే డబ్బిచ్చేది సబ్బు కంపెనీయో సీరియల్ కంపెనీయో. దుకాణం నీకు డాలర్ తగ్గించి, ఆ కాగితం పంపి కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుంది. వెనక చిన్న అక్షరాల్లో చూడు, కూపన్ విలువకు తోడు 8 సెంట్లు శ్రమ ఖర్చు ఇస్తామని చాలావాటి మీద ఉంటుంది. రాసిన షరతులు తప్పితే కంపెనీ డబ్బివ్వదు, నష్టం దుకాణానిది. అందుకే అంత పట్టుదల. దుకాణం పేరుతో వచ్చే స్టోర్ కూపన్ సంగతి వేరు. ఆ డబ్బు దుకాణానిదే కాబట్టి అది మామూలుగా ఆ దుకాణంలోనే చెల్లుతుంది.

కూపన్ చేతికి రాగానే బొమ్మ చూడకు, అక్షరాలు చదువు. బొమ్మలో ఖరీదైన రకం పెడతారు. ‘ఏ రకమైనా’ అని రాసి ఉంటే చవకదానికీ చెల్లుతుంది. ‘16 ఔన్సులు, ఆపైన’ అని ఉంటే 15 ఔన్సుల సీసాకు చెల్లదు. ‘ట్రయల్ సైజు మినహా’, అంటే వాడి చూడ్డానికి అమ్మే బుల్లి ప్యాకెట్లకు చెల్లదు అన్నది చాలామంది చూసుకోరు. కొత్తవాళ్ల కూపన్లు తిరిగొచ్చేది ఎక్కువగా సైజు దగ్గరా తేదీ దగ్గరా.

‘వన్ కూపన్ పర్ పర్చేజ్’ అంటే ఒక వస్తువుకు ఒక కూపన్. నాలుగు పేస్టులకు నాలుగు కూపన్లు ఇవ్వొచ్చు. ‘పర్ ట్రాన్సాక్షన్’ అంటే బిల్లు మొత్తానికి ఒకటే. ఈ రెండు మాటలూ ఒకటే అనుకోకు. ‘రెండు కొంటే డాలర్ తగ్గింపు’ అన్న కూపన్ ఆ రెండు వస్తువులనూ వాడేసుకుంటుంది, వాటి మీద మరో కంపెనీ కూపన్ పెట్టడానికి లేదు. ఒకే రకం కూపన్లు రోజుకు నాలుగే అన్న పరిమితి కూడా చాలాచోట్ల ఉంది.

అసలు లాభం ఉన్నది ఒకే వస్తువు మీద ఒక కంపెనీ కూపన్, ఒక స్టోర్ కూపన్ కలిపి వాడటంలో. దీన్నే స్టాకింగ్ అంటారు. పబ్లిక్స్, టార్గెట్ లాంటి చోట్ల ఒప్పుకుంటారు. 3 డాలర్ల 99 సెంట్ల పేస్టు ఆ వారం సేల్‌లో 2.99కి వచ్చిందనుకో. స్టోర్ కూపన్‌తో డాలర్, కంపెనీ కూపన్‌తో మరో డాలర్ పోతే నువ్వు కట్టేది 99 సెంట్లు. ఒకే వస్తువుకు రెండు కంపెనీ కూపన్లు మాత్రం చెల్లవు, ఒకటి కాగితం మీదది, ఒకటి ఫోన్‌లోది అయినా సరే. క్రోగర్ దుకాణం యాప్‌లో నొక్కి పెట్టుకునే కూపన్లలో ఎక్కువ భాగం కంపెనీవే. కౌంటర్‌లో నీ ఫోన్ నంబరు కొట్టగానే అవి వాటంతటవే పడిపోతాయి, ఆపైన చేతిలోని కాగితం పనిచేయదు. రెండిట్లో పెద్దది ఏదో ఇంట్లోనే చూసుకో. కాగితానిదే ఎక్కువైతే ఆ వస్తువుకు యాప్‌లోది ఎంచుకోకు.

‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ సేల్‌లో పబ్లిక్స్‌లో రెండు వస్తువులకూ చెరో కంపెనీ కూపన్ ఇవ్వొచ్చు. అయితే కూపన్ కూడా ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ రకమే అయితే ఒక్కో దుకాణానిది ఒక్కో పద్ధతి. ముందే అడుగు. ‘50 డాలర్లు కొంటే 10 తగ్గింపు’ లాంటివాటికీ అంతే: ఆ 50 మిగతా కూపన్లు తీయకముందు లెక్కా, తీశాక లెక్కా అన్నది కనుక్కో. కూపన్ విలువ వస్తువు ధర కంటే ఎక్కువైతే సాధారణంగా ధర మేరకే తగ్గిస్తారు, మిగిలింది చేతికివ్వరు.

చాలా రాష్ట్రాల్లో కంపెనీ కూపన్ వాడినా అమ్మకపు పన్ను పూర్తి ధర మీదే పడుతుంది, ఎందుకంటే దుకాణానికి చివరికి పూర్తి డబ్బే అందుతోంది. స్టోర్ కూపన్ అయితే తగ్గిన ధర మీద. బిల్లులో పన్ను ఎక్కువేశారని కంగారుపడకు.

సేల్ సరుకు అయిపోతే కస్టమర్ సర్వీస్ డెస్క్‌లో రెయిన్ చెక్ అనే చీటీ ఇస్తారేమో అడుగు. సరుకు వచ్చాక అదే ధరకు ఇస్తారు. కంపెనీ కూపన్ తేదీ మాత్రం దాంతోపాటు జరగదు, కాబట్టి గడువు ఎక్కువున్న కూపన్ దాచుకో.

ఆల్డీ, కాస్ట్‌కో దుకాణాలకు కంపెనీ కూపన్లు పట్టుకెళ్లి ప్రయోజనం లేదు, తీసుకోరు. వాల్‌మార్ట్ కంపెనీవి తీసుకుంటుంది. మన కందిపప్పుకు, సోనామసూరికి, కూరగాయలకు కూపన్లు దాదాపు ఉండవు. డిటర్జెంటు, షాంపూ, పేస్టు, సీరియల్, పెరుగు డబ్బాలు, డైపర్లు... కూపన్లు దొరికేది వీటికే. కూపన్ ఉంది కదా అని ఇంట్లో ఎవరూ తినని సీరియల్ తేవద్దు తల్లీ. పక్కనున్న స్టోర్ బ్రాండు, అంటే దుకాణం సొంత పేరుతో అమ్మేది, కూపన్ లేకుండానే చవగ్గా ఉందేమో, షెల్ఫ్ చీటీ మీద ఔన్సు ధర చూసి పోల్చుకో.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కూపన్ ఫొటోలు ప్రింటు తీయకు, డబ్బిచ్చి కూపన్లు కొనకు. జిరాక్సు తీసినా, చేతులు మారినా చెల్లదని వాటి మీదే ఉంటుంది. నకిలీ కూపన్లు తయారుచేసి అమ్మినందుకు 2021లో వర్జీనియాలో ఒకామెకు 12 ఏళ్ల జైలు పడింది. వీసా మీద ఉన్నవాళ్లం, ఆ గొడవ దరిదాపుల్లోకి కూడా వెళ్లకూడదు.

ముందు ఒక్క దుకాణం ఎంచుకో. దాని వెబ్‌సైట్‌లో అడుగున ‘కూపన్ పాలసీ’ ఉంటుంది. చదివి ఫోన్‌లో దాచుకో. మొదటి నెల వారానికి మూడు నాలుగు కూపన్లు చాలు, రద్దీ లేని వేళ వెళ్లు. సరుకు స్కాన్ కాకముందే కూపన్లు ఉన్నాయని చెప్పు. మెషిన్ బీప్‌మని ఒప్పుకోకపోతే పాలసీలో ఆ వాక్యం చూపించి నెమ్మదిగా అడుగు. మేనేజర్ కుదరదంటే ఆ వస్తువు తీసేయమను, కొనాలన్న మొహమాటం ఏమీ లేదు. బయటికి రాకముందే డెస్క్ పక్కన నిలబడి రసీదులో ఒక్కో కూపన్ పడిందో లేదో చూసుకో. ఇంటికెళ్లాక చూసుకుంటే ఆ డాలర్ కోసం మళ్లీ అంత దూరం రావాలి.

ఉంటాను,
పెద్దమ్మ