పోటు పాటు కనుక్కుని బయల్దేరు

హైదరాబాద్,
మార్గశిర బహుళ అష్టమి

అమ్మడూ,

నీ ఫోను వచ్చిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. నీకు భీమిలి బదిలీ అయినందుకు కాదు. "అక్కడ సముద్రం తప్ప ఏముంది పెద్దమ్మా, సాయంత్రాలు ఎలా గడవాలి" అన్నావు చూడు, అందుకు. గ్రంథాలయం ఉద్యోగం పుణ్యమా అని ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నదాన్ని. మోకాళ్ళు మొరాయించాక మీ అన్నయ్య నన్ను ఈ ఏడో అంతస్తుకి తెచ్చి పెట్టాడు. ఇక్కడ కిటికీలోంచి చూస్తే నీళ్ళ ట్యాంకులు, వాటి మీద పావురాలు. కాబట్టి ఈ ఉత్తరంలో సలహాతో పాటు కాస్త ఉక్రోషం కూడా తగుల్తుంది. సర్దుకో.

నువ్వు చేయబోయే మొదటి తప్పు నాకు ఇక్కణ్ణించే కనిపిస్తోంది. వచ్చే ఆదివారం ఒక ఆటో మాట్లాడుకుని పావురాలకొండ, డచ్చివాళ్ళ సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ అన్నీ ఒక్క పూటలో చుట్టేస్తావు. ఫోటోలు పెడతావు. సోమవారం నుంచి మళ్ళీ "ఏముంది ఇక్కడ" అంటావు. అవన్నీ ఎక్కడికీ పోవు. ఆ సమాధుల రాళ్ళు మూడు వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి, నీ కోసం ఇంకో నెల ఆగుతాయి. ముందు ఒక్క చోటు ఎంచుకో. రోజూ అక్కడికే వెళ్ళు. నా చోటు గోస్తనీ నది సముద్రంలో కలిసే దగ్గర ఇసుక తిన్నె. నీకు ఇంకోటి నచ్చితే అదే పెట్టుకో, కానీ ఆఫీసు నుంచి పావుగంటలో నడిచి వెళ్ళేలా ఉండాలి. బండి తియ్యాల్సిన చోటికి మనిషి రోజూ వెళ్ళడు.

రోజూ ఒకే చోటు విసుగు కదా అంటావు. ఒకే వేళకి వెళ్తే విసుగే. సముద్రం గడియారం వేరు. రోజుకి రెండుసార్లు పోటు, అంటే నీళ్ళు పైకెక్కడం; రెండుసార్లు పాటు, అంటే వెనక్కి పోవడం. పుస్తకాల్లో ఆటుపోట్లు అని ఉంటుంది, అక్కడి వాళ్ళు మాత్రం పోటు, పాటు అనే అంటారు. ఇవాళ పోటు ఎన్నింటికి వచ్చిందో రేపు దానికి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అలా జరుగుతూ జరుగుతూ పక్షం రోజులకి దాదాపు మొదటి వేళకే చేరుతుంది. అందుకని ఒడ్డున వల బాగుచేసుకునే ఎవరినైనా ఒక్కసారి అడుగు, "పాటు ఎప్పుడు మావా" అని. ఆ తర్వాత నువ్వే లెక్క వేసుకోవచ్చు. గోడకి పంచాంగం క్యాలెండరు ఒకటి తగిలించుకో, ముహూర్తాల కోసం కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ, ముఖ్యంగా అవి వెళ్ళిన ఒకటి రెండు రోజులకి, నీళ్ళు బాగా పైకెక్కుతాయి, బాగా వెనక్కి పోతాయి. అష్టమికి బద్ధకంగా ఉంటాయి. ఇవాళ అష్టమి, పెద్దగా ఏమీ ఉండదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి అమావాస్య దగ్గరపడుతుంది. అమావాస్య మర్నాడు పాటు వేళకి చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళు. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా నిలువునా చూస్తే మనిషి ఎత్తు దాటదు. కానీ ఇసుక ఏటవాలుగా ఉంటుంది కనక ఆ కాస్త తేడాకే బోలెడు నేల బయటపడుతుంది.

ఆ తడి నేల మీద కూర్చో. నడవకు, కూర్చో. ఐదు నిమిషాలు కదలకపోతే చిన్న చిన్న కన్నాల్లోంచి వేలి గోరంత పీతలు పైకి వస్తాయి. చుట్టూ ఇసుకని నోట్లో పెట్టుకుని, రేణువులకి అంటుకున్న తిండిని తిని, మిగతాదాన్ని ఉండ చుట్టి వెనక్కి తోసేస్తుంటాయి. ఆవాలంత, మిరియాలంత ఉండలు. కన్నం నడిమధ్యన, ఉండలు దాని చుట్టూ వరసలు వరసలుగా. సంక్రాంతి ముగ్గు వేసేటప్పుడు చుక్కలు పెట్టినట్టే ఉంటుంది. పోటు వచ్చిందంటే అంతా చెరిగిపోతుంది, తర్వాతి పాటుకి మళ్ళీ మొదలు. నేను మొదటి రెండేళ్ళూ వాటి మీద తొక్కుకుంటూ నడిచాను, ఎవరో పిల్లలు ఆడుకుని పోశారనుకున్నాను.

ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తే మురికి అనుకోకు. అవి ఇల్మనైటు లాంటి బరువైన ఖనిజాలు. అల తేలిక ఇసుకని ఎత్తుకుపోయి వీటిని మిగులుస్తుంది. ఫ్రిజ్జు మీద అంటించుకునే అయస్కాంతం ఒకటి పట్టుకెళ్ళి చూడు, కొన్ని రేణువులు మీసాల్లా లేచి పట్టుకుంటాయి.

పిట్టల సంగతి. ఇప్పుడు చలికాలం, నీ అదృష్టం. ఏటి మూతి దగ్గర తెల్లటి గల్ పిట్టలు గుంపుగా కూర్చుని ఉంటాయి. అన్నీ ఒకే దిక్కుకి, గాలికి ఎదురుగా. దగ్గరగా చూస్తే ఒక్కోదానికీ కంటి వెనక నల్ల చుక్క ఒకటి ఉంటుంది, దిష్టిచుక్క పెట్టినట్టు. వేసవిలో వాటి తల మొత్తం ముదురు గోధుమ రంగు. లడాఖ్, టిబెట్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి, చలికి మన దగ్గరికి దిగొచ్చేసరికి ఆ రంగంతా రాలిపోయి చుక్క మాత్రమే మిగులుతుంది. మార్చి వచ్చేసరికి మళ్ళీ ఒక్కో పిట్టకీ తల గోధుమ రంగుకి తిరుగుతూ వస్తుంది. సగం మాసిన తలతో అవి కనిపించాయంటే ప్రయాణానికి సిద్ధమవుతున్నట్టే. ఇది ఒకసారి వెళ్ళిన మనిషికి తెలియదు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకే గుంపుని చూసిన వాళ్ళకే తెలుస్తుంది. ఒకే చోటికి వెళ్ళమని నేను మొత్తుకునేది ఇందుకే.

బైనాక్యులర్స్ కొనాలా అని అడుగుతావు. ఇప్పుడే వద్దు. ముందు రెండు రూపాయల పెన్నూ, జేబులో పట్టే నోటుపుస్తకం కొను. ఇంటికొచ్చాక మూడు గీతలు రాయి. మొదటి గీతలో తిథి, పోటా పాటా, గాలి ఎటు. రెండో గీతలో చూసిన వాటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే. మూడో గీతలో అర్థం కానిది ఒకటి. నాది ఒక రోజు ఇలా ఉంది: "పుష్య శుద్ధ తదియ. పాటు. గాలి ఉత్తరం నుంచి. లకుముకి పిట్ట లంగరు తాడు మీద కూర్చుని చేపని తాడుకేసి ఎనిమిదిసార్లు బాదింది. తల వైపు నుంచే ఎందుకు మింగింది?"

ఆ మూడో గీత నిన్ను గ్రంథాలయానికి నడిపిస్తుంది. ఎగతాళి చేయకు, నేను జీతం తీసుకున్న చోటు కదా అని చెప్పడం లేదు. "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి" అని వచ్చినవాళ్ళు నెల తిరక్కుండా మానేయడం నేను బల్ల ఇవతల కూర్చుని చూశాను. ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్ళు మాత్రం బీరువాలు సర్దేదాకా వదిలేవాళ్ళు కాదు. చేప తల ప్రశ్నకి జవాబు నాకు పక్షుల పుస్తకంలో దొరికింది. రెక్కలూ పొలుసులూ వెనక్కి వాలి ఉంటాయి గనక తల ముందు పోతే గొంతులో గుచ్చుకోవు. ఆ జవాబు వెతుకుతుంటే పక్క పేజీలో ఇంకో నాలుగు ప్రశ్నలు తగులుకున్నాయి. చదువు అలవాటు నాకు అలా అయింది, చిన్నప్పుడు కాదు, ముప్ఫై ఏళ్ళు దాటాక.

నా కాలంలో పొద్దున ఎనిమిదికి తెరిచి పదకొండుకి మూసేవాళ్ళం, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. ఇప్పటి వేళలు కనుక్కుని వెళ్ళు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకం కింద పోతాయి. అద్దెలో ఆ పన్ను కూడా నువ్వే కడుతున్నట్టు లెక్క, కాబట్టి మొహమాటపడకు. పైగా నువ్వు వెళ్ళింది ఎక్కడికనుకున్నావు? 1886లోనే విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి గారు సరస్వతీ నిలయం అని గ్రంథాలయం పెట్టిన జిల్లా అది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను: ఒడ్డున కూర్చుని పుస్తకం చదవకు. సినిమాల్లో బావుంటుంది. నిజంగా అయితే గాలి పేజీలు తిప్పేస్తుంది, ఉప్పు తేమకి కాగితం ఉబ్బుతుంది, కుట్టులో ఇసుక చేరి అట్ట ఊడిపోతుంది. అలా తిరిగొచ్చిన పుస్తకాల్ని దులిపీ దులిపీ నా నడుం పోయింది. అక్కడ చూడు, ఇంటికొచ్చి చదువు.

గవ్వలు ఏరడం గురించి నా పరువు తీసుకుంటూ ఒకటి చెప్తాను. వెళ్ళిన కొత్తలో ఒక సాయంత్రం ఐదు శంఖు గవ్వలు ఏరుకొచ్చి వంటింటి గట్టు మీద స్టీలు పళ్ళెంలో పెట్టాను. రాత్రి పన్నెండింటికి టకటకా చప్పుడు. దొంగ అనుకుని మీ పెదనాన్న కర్ర తీశారు. లైటు వేస్తే గవ్వల్లో రెండు పళ్ళెంలో నడుస్తున్నాయి. ఒకటి గట్టు దిగి పప్పు డబ్బా పక్కన నక్కింది. లోపల సన్యాసి పీతలు. ఖాళీ గవ్వలో దూరి దాన్నే ఇల్లు చేసుకుంటాయి, ఒళ్ళు పెరిగితే ఇంకో పెద్ద గవ్వ వెతుక్కుంటాయి. తెల్లారకముందే ఆయన చేత టార్చి పట్టించి ఐదింటినీ తీసుకెళ్ళి వదిలొచ్చాను. ఆ తర్వాత ఖాళీ గవ్వల్ని కూడా తేలేదు. వాళ్ళ ఇళ్ళు వాళ్ళకి కావాలి.

జనవరి నుంచి మార్చి వరకూ తాబేళ్ళు. ఆలివ్ రిడ్లీలు రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో గొయ్యి తీసి సుమారు వంద గుడ్లు పెట్టి పోతాయి. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. పొద్దున్నే వెళ్తే ట్రాక్టరు చక్రం నడిచినట్టు జాడ కనిపిస్తుంది, పైకి ఒకటి, కిందికి ఒకటి. ఆ జాడ చూస్తే గుడ్ల కోసం తవ్వకు. అటవీశాఖ వాళ్ళకి చెప్పు, వాళ్ళు కంచె వేసిన చోటికి తీసుకెళ్ళి పొదిగిస్తారు. తల్లి కనిపిస్తే లైటు వేయకు, ఎదురుగా నిలబడకు. కానీ ముందే మనసు గట్టిచేసుకో: నీకు మొదట కనిపించేది చచ్చిన తాబేలు కావచ్చు. నాకు అదే జరిగింది. వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవి ఆ నెలల్లో ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి.

నీళ్ళలోకి దిగే విషయం. మోకాలు దాటి దిగకు, అంతే. అలలు వరసగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట నీళ్ళు నున్నగా, శాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు అక్కడే దిగుతారు. నీళ్ళు వెనక్కి లాగే దారి అదే. ఎప్పుడైనా పట్టుకుంటే ఒడ్డు వైపు పోరాడకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్ళాలి, ఆ లాగుడు దాటాక ఒడ్డుకి తిరగాలి. నీలం రంగు బుడగలా మెరుస్తూ పొడుగు తోకతో ఇసుక మీద ఏదైనా పడుంటే చచ్చినట్టున్నా ముట్టుకోకు, వాతలు పడతాయి.

ఇంక మనుషులు. అలివి వల, అంటే ఒడ్డున నిలబడి తాళ్ళతో లాగే పెద్ద వల, లాగుతుంటే ఫోను తీసి నిలబడకు. తాడు పట్టుకో. నీ బలం వాళ్ళకి అక్కర్లేదు, కానీ పట్టుకున్నాక మాట కలుస్తుంది. "ఏటమ్మా, ఏటి సూస్తన్నావు రోజూ?" అని అడుగుతారు. ఉన్నది చెప్పు. నవ్వుతారు, మర్నాడు నుంచి నీకోసం వింతలు తీసి పక్కన పెడతారు. వల మీంచి దాటి నడవకు, వాళ్ళకి నచ్చదు. గుప్పెడు కవళ్ళ చేపలు చేతిలో పెడితే వద్దనకు, డబ్బులు తీయకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో చేతిలో డబ్బు ఆడక ఇంట్లో చిరాగ్గా ఉంటారు, ఎక్కువ ప్రశ్నలు వేయకు.

ఎర్రమట్టి దిబ్బలకి జనవరిలో ఒక పొద్దున వెళ్ళు, ఎండ పక్కనుంచి పడేటప్పుడు. అంచుల మీదకి ఎక్కకు, ఇసుక కదా, కూలుతుంది. 2014లో జియాలజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించారు. అంతకుముందు మేం దాన్ని జీడితోటకి దగ్గరి దారి అనుకునేవాళ్ళం.

నా నోటుపుస్తకాలు పదకొండు ఉన్నాయి, అడిగినా పంపను. నీది నువ్వు మొదలుపెట్టు. నేను వచ్చేసేటప్పటికి ఇసుక మేట వేసి గోస్తనీ మూతి ఉత్తరానికి జరిగి ఉంది. ఇప్పుడు ఎటు ఉందో చూసి రాయి, ఫోన్లో చెప్పొద్దు, రాయి. అలాగే ఎండు నెత్తళ్ళు ఒక అరకిలో పార్సెల్ చెయ్యి. వాసన రాకుండా రెండు కవర్లలో కట్టించు, పైన "పుస్తకాలు" అని రాయి. మీ వదిన విప్పదు.

పెద్దమ్మ