ఇంగ్లీషు మాట్లాడడానికి తోడు కావాలంటే తెలుగు రానివారినే వెతకండి

హనుమకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నానని, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం కావడంతో ఇంగ్లీషు చదివితే అర్థమవుతున్నా నోరు తెరిచేసరికి మాట రావడం లేదని, యాప్‌లలో ఎందరిని పలకరించినా జవాబు రావడం లేదని మీరు రాశారు. నేనూ పరకాల దగ్గర సర్కారు బడిలో చదువుకున్నవాడినే. ఇప్పుడు మడికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో విదేశీ ఖాతాదారులతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి, నాకు పనికివచ్చిన దారి చెబుతాను.

మన దగ్గర చాలామంది ముందుగా చేసే పని, నలుగురు స్నేహితులు కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకుని ఇకనుంచి ఇంగ్లీషులోనే మాట్లాడుకుందామని ఒట్టు వేసుకోవడం. వారం తిరగకముందే ఆ గ్రూపు తెలుగులోకి దిగిపోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇద్దరికీ తెలుగు వచ్చినప్పుడు, మాట తట్టని చోట తెలుగే ముందుకు వస్తుంది. హైదరాబాదు మిత్రులతోనైతే ఆ పని హిందీ చేస్తుంది. అందువల్ల, ఇంగ్లీషు తప్ప మీకూ తనకూ మరో ఉమ్మడి భాష లేని మనిషిని వెతకమన్నదే నా మొదటి సలహా, ఒక రకంగా చివరి సలహా కూడా. ఆ మనిషి ఇంగ్లీషు పుట్టుభాషగా గలవారే కానక్కరలేదు. కేరళవారు, మణిపురివారు, ఫిలిప్పీన్స్‌వారు ఎవరైనా సరిపోతారు.

మీకు జవాబులు రాకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. హలోటాక్, టాండెం వంటి యాప్‌లు ఇచ్చిపుచ్చుకోవడం మీద నడుస్తాయి: నా భాష నీకు నేర్పుతాను, నీ భాష నాకు నేర్పు అన్నది వాటి ఒప్పందం. తెలుగు నేర్చుకోవాలనుకునే ఇంగ్లీషువారు అక్కడ బహు తక్కువ కనుక, లండన్‌లోని మనిషికి మీకు జవాబివ్వాల్సిన అవసరం కనిపించదు. అయితే తెలుగు కోరుకునేవారు ఒకరున్నారు. అమెరికాలో పుట్టి పెరిగి, ఊళ్లో ఉన్న నానమ్మతోనో అమ్మమ్మతోనో నాలుగు మాటలు మాట్లాడాలని ఆశపడే మనవాళ్ల పిల్లలు వాళ్లు. చుట్టాల్లో అలాంటివారు ఉంటే పెద్దవాళ్ల ద్వారా అడిగించండి. అర్ధగంట తెలుగు, అర్ధగంట ఇంగ్లీషు అని ముందే గడియారం పెట్టుకోవాలి, లేకపోతే మొత్తం ఒకవైపే సాగిపోతుంది. మన రాత్రి ఎనిమిది గంటలంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మార్చుకున్న వారం మాట్లాడుకునే వేళ సరిచూసుకోవడం మరవకండి.

నాకు అందరికంటే నమ్మకంగా దొరికినవారు పరీక్ష తేదీ నెత్తిమీద ఉన్నవారు. టెలిగ్రామ్‌లోను, డిస్కార్డ్‌లోను ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష), ఓఈటీ (నర్సులు, డాక్టర్ల వంటి వైద్యరంగంవారు రాసే ఇంగ్లీషు పరీక్ష)లకు సిద్ధమయ్యేవారి గ్రూపులు చాలా ఉన్నాయి. వాళ్లకు ఎదుట మాట్లాడే మనిషి కావాలి, అదీ ఈ వారమే కావాలి. నాకు అలా పరిచయమైన కేరళ నర్సు ఒకరు ఓఈటీకి చదువుతూ ఉండేవారు. ఆ పరీక్షలో రెండు రోల్ ప్లేలు ఉంటాయి. ఒక్కొక్కదానికి మూడు నిమిషాలు సిద్ధం కావడానికి, సుమారు ఐదు నిమిషాలు మాట్లాడడానికి ఇస్తారు. ఆమె నర్సు, నేను రోగి. మోకాళ్ల నొప్పి అని ఊరికే అంటే ఆమె వదిలేవారు కాదు: ఎప్పటినుంచి, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, రాత్రి నిద్ర పడుతోందా, ఇంతకుముందు ఏ మందు వాడారు అని గుచ్చి గుచ్చి అడిగేవారు. మా నాన్నగారి మోకాళ్లను తలచుకుంటూ జవాబులు చెప్పేవాణ్ణి. వ్యాకరణం గురించి ఆలోచించే తీరిక ఉండేది కాదు, మేలు జరిగింది కూడా అందుకే.

తరువాత నా వంతు వచ్చినప్పుడు మాట్లాడే విషయం నేను ఎంచుకునేవాణ్ణి. పర్యావరణం, సాంకేతికత లాంటి వ్యాసాల విషయాలు తీసుకుంటే రెండు వాక్యాలకే ఆగిపోతాం. మనకు బాగా తెలిసినది తీసుకోవాలి. ఒకసారి మేడారం జాతర గురించి చెప్పాను. రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుందని, గద్దెల దగ్గర మనిషి బరువుకు సరితూగే బెల్లం మొక్కుగా చెల్లిస్తారని చెప్పగానే, అంత బెల్లం తరువాత ఏమవుతుందని, గుడి కట్టకుండా గద్దెలే ఎందుకున్నాయని, అడవిలో అంతమంది ఎక్కడ పడుకుంటారని ఆమె వరుసగా అడిగారు. మన జిల్లాలవారికి ఎవరూ వేయని ప్రశ్నలవి, వాటికి కంఠస్థం చేసిన జవాబులుండవు.

మొదటి సందేశంలో హాయ్ అని రాసి ఊరుకోవద్దు. మీరెవరు, ఏ ఇంటర్వ్యూ కోసం, వారానికి ఎన్నిసార్లు, ఏ వేళ, ఎంతసేపు, బదులుగా మీరేం చేస్తారు అన్నవి నాలుగైదు వాక్యాల్లో రాయండి. తప్పులు మధ్యలో ఆపి దిద్దవద్దని, చివరలో ముఖ్యమైనవి మాత్రం చెప్పుకుందామని ముందే అనుకోండి. గ్రూపుగా కలిస్తే జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు, గూగుల్ మీట్ 60 నిమిషాలకు ఆగిపోతాయి. కొత్తవారికి ఆ 40 నిమిషాలే ఎక్కువ.

వీడియోలు చూస్తూ వింటూ ఉంటే మాట్లాడడం దానంతటదే వస్తుందని కూడా అన్నారు. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లోనే పాఠాలు విన్న పిల్లలకు అర్థం చేసుకోవడం బాగా వచ్చినా మాట్లాడడంలో, రాయడంలో వెనకబడ్డారని మెరిల్ స్వెయిన్ అనే భాషావేత్త 1985లో ఎత్తిచూపారు. వినడం మానమని కాదు, దానితోనే సరిపెట్టుకోవద్దని.

జాగ్రత్తల విషయం: టెలిగ్రామ్ సెట్టింగ్‌లలో ఫోన్ నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టండి. ఇంగ్లీషు పక్కనపెట్టి ఫొటోలు అడిగేవారిని, విదేశం నుంచి బహుమతి పంపాను, కస్టమ్స్ రుసుము కట్టమనేవారిని ఆ క్షణమే బ్లాక్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆడపిల్లలు కొన్నాళ్లు ముగ్గురు నలుగురున్న గ్రూపు కాల్స్‌తో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

పరీక్ష రాసేవారితో ఒక్కటే చిక్కు: పరీక్ష అయిపోగానే వాళ్లు మళ్లీ కనిపించరు. అందుచేత ఒకరితో మాట్లాడుతున్నప్పుడే, తరువాతి నెలలో పరీక్ష ఉన్న ఇంకొకరిని చూసిపెట్టుకోండి. ఫీజు కట్టి ట్యూటరును పెట్టుకోవాలా అన్న మీ ప్రశ్నకు నా జవాబు, ఇప్పుడే వద్దు; ఇంటర్వ్యూ తేదీ ఖాయమయ్యాక, నమూనా ఇంటర్వ్యూల కోసం రెండు మూడు వారాలు పెట్టుకుంటే చాలు.